పెళ్లి పంచరత్నాలు రాయించడానికి ఏఐ యాప్ కొన్నాను: నెల రోజులు వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నాను, యాప్ పేరు రాయట్లేదు. పేరు రాస్తే మాటలన్నీ ఆ కంపెనీ మీదకి పోతాయి. నేను దీనితో పాటు ఇంకో రెండు యాప్‌లు ఉచితంగా కూడా చూశాను, పద్యం విషయంలో మూడూ ఒక తానులో గుడ్డలే. కాబట్టి తెలుగులో పద్యమో పాటో రాయడానికి ఇలాంటిది డబ్బు పెట్టి కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. నెల చందా దాదాపు 2,000 రూపాయలు పడింది నాకు.

ఎందుకు కొన్నానో చెప్తాను. మా వైపు, తణుకు దగ్గర పల్లెల్లో, పెళ్లికి పంచరత్నాలు అచ్చు వేయించే అలవాటు ఉండేది. ఐదు పద్యాలు, గులాబీ రంగు కాగితం మీద, పైన వధూవరుల పేర్లు, కింద రాసినవాళ్ల పేరు. తాంబూలంతో పాటు చేతిలో పెట్టేవారు, భోజనాలకి ముందు ఎవరో ఒకరు మైకులో రాగం తీసి చదివేవారు. మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లయినా అవి మా నాన్నే రాసేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. మొన్న శ్రావణంలో మా అక్క కూతురి పెళ్లి కుదిరినప్పుడు అక్క ఫోన్ చేసి, "నాన్న ఉంటే రాసేవారు కదరా, నువ్వైనా రాయి" అంది. నేను ఇంటర్ దాకా నాన్న దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాడినే. తర్వాత ఉద్యోగం, హైదరాబాదు, ముప్పై ఏళ్లలో ఒక్క పద్యం కూడా రాయలేదు. కాదనలేకపోయాను, రాయగలనన్న ధైర్యమూ లేదు. ఆ టెన్షన్‌లో రాత్రి పదకొండింటికి కార్డు నంబరు కొట్టి యాప్ కొనేశాను.

మొదటి రోజు అడిగింది చాలా సింపుల్. "మేనకోడలి పెళ్లికి ఆశీర్వాదంగా ఒక ఆటవెలది రాయి." పది సెకన్లు కూడా పట్టలేదు.

నవ్వుల పువ్వులు విరిసే వేళ
రెండు మనసులు ఒకటయ్యే వేళ
ప్రేమ అనే దీపం వెలిగే వేళ
ఆనంద జీవితం నీ సొంతం

దీని కింద "ఇది ఆటవెలది ఛందస్సులో ఉంది, యతి నియమం పాటించబడింది" అని రాసింది. ఆ వాక్యం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి, సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే గురువు (సాగదీసి పలికే అక్షరం) లఘువు (పొట్టి అక్షరం), లేదా మూడు లఘువులు. ఇక్కడ "నవ్వు" దాకా సరే, తర్వాత వచ్చే "ల, పు" లఘువు గురువు, అలా మొదలయ్యే సూర్యగణమే లేదు. అంటే రెండో అడుగే తప్పు. "విశ్వదాభిరామ వినురవేమ" ఒక్కసారి పైకి అనుకోండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు సూర్యగణాలు. మొదటి అక్షరం వి, నాలుగో గణం మొదలయ్యే చోట మళ్లీ వి, యతి అంటే అదే. మన ఊళ్లల్లో బడికి వెళ్లని ముసలమ్మల నోట్లో కూడా ఈ లెక్క తప్పకుండా పలుకుతుంది. రాయడం రాకపోతే రాదని చెప్పాలి గానీ, తప్పు రాసి కింద సర్టిఫికెట్ ఇవ్వడం ఏమిటి? ఛందస్సు తెలియని పిల్లలు అదే నిజమనుకుని నేర్చుకుంటారు కదా.

తప్పు చూపిస్తే "క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అంటుంది, ఇంకోటి ఇస్తుంది, అదీ తప్పే. పదిహేడు సార్లు ఇలా జరిగింది, లెక్కపెట్టాను. ఒకసారి మొదటి పాదం కుదిరితే నాలుగోది పోయింది, ఇంకోసారి గణాలు కుదిరితే యతి లేదు. ఎందుకిలా అని కాస్త చదివితే కొంత అర్థమైంది. మనకి "పెళ్లి" అంటే రెండు అక్షరాలు, ఒక గురువు, ఒక లఘువు. కంప్యూటర్‌లో అది ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి అని ఆరు గుర్తులు. యూనికోడ్‌లో మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. ఈ యాప్‌లు ఆ వరసని తమకి వీలైన ముక్కలుగా కోసుకుని, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా కట్టుకుంటూ రాస్తాయి. ఆ ముక్కలు మన అక్షరాల దగ్గరే తెగాలని లేదు. గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ అనేది మనకి చెవికి తెలిసినట్టు దానికి నేరుగా తెలిసే దారి లేదు. రేపు బాగుపడొచ్చు, కాదనను. ఈ రోజు మాత్రం డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి ఈ రోజు సంగతే రాస్తున్నాను.

నాకు అసలు బెంగ పుట్టించింది మాత్రం ఛందస్సు తప్పులు కాదు. పంచరత్నాలు అచ్చు రేట్లు కనుక్కుందామని ఊళ్లో ప్రెస్‌కి వెళ్లాను. డీటీపీ చేసే అబ్బాయి, "ఈ మధ్య అందరూ ఫోన్‌లో రాయించుకునే తెస్తున్నారండీ, మేము అను ఫాంట్‌లోకి మార్చి వేస్తున్నాం, వత్తులు చెదిరితే సరిచేస్తున్నాం, అంతే" అని ఆ సీజన్‌లో వేసిన కార్డులు నాలుగు చూపించాడు. నాలుగు ఊళ్లు, నాలుగు కుటుంబాలు. మూడింటిలో "రెండు మనసులు ఒకటయ్యే వేళ" ఉంది. అదే మాట, నాకొచ్చిన అదే పాదం. ఒక కార్డులో పెళ్లికొడుకు వాళ్ల నాన్న చేపల చెరువులు చేస్తాడట, ఇంకో దాంట్లో పెళ్లికూతురు నర్సు, ఆ సంగతి ఆ అబ్బాయే చెప్పాడు. కార్డులో చెరువూ లేదు, ఆసుపత్రీ లేదు. నవ్వులు, పువ్వులు, దీపాలు. పేర్లు మార్చి ఒకరి కార్డు ఇంకొకరికి పంచినా ఎవరికీ తెలియదు.

2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో అనిల్ దోషి, ఆలివర్ హాసర్ అనే ఇద్దరి పరిశోధన వచ్చింది. చిన్న కథలు రాయమని కొంతమందికి ఏఐ ఇచ్చిన ఐడియాలు చూపించారు, కొంతమందికి చూపించలేదు. ఐడియా అందుకున్నవాళ్ల కథలు విడిగా చదివితే మెరుగ్గా ఉన్నాయన్నారు చదివినవాళ్లు, ముఖ్యంగా మామూలుగా అంత బాగా రాయలేనివాళ్లవి. కానీ అన్నీ పక్కపక్కన పెడితే ఆ కథలు ఒకదానికొకటి ఎక్కువ దగ్గరగా ఉన్నాయి. ఆ ప్రెస్‌లో బల్ల మీద నాలుగు కార్డులు పరిచినప్పుడు నేను చూసింది అదే. ఏ ఇంటికి ఆ ఇల్లు "మా కార్డు బాగుంది" అనుకుంటుంది, ఊరంతా కలిపి చూస్తే ఒకటే కార్డు.

ఇంటికొచ్చి యాప్ మూసేసి తెల్లకాగితం తీసుకున్నాను. మొదటి రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు "పెళ్లి పందిరైన" అనే మూడు గణాలు వచ్చి అక్కడ ఆగాయి. పెళ్లి, పంది, రైన. ఆటవెలది రెండో పాదం మొదలు. ఇప్పుడు నాలుగో గణం "పె"కి యతి కుదిరే అక్షరంతో మొదలవ్వాలి. ప, ఫ, బ, భ, వ ఒక జట్టు. అచ్చు ఇ, ఈ, ఎ, ఏ, ఋ లలో ఏదో ఒకటి అవ్వాలి. అంటే పి, పె, బి, భి, వి, వే ఇలా. బస్సులో ఆఫీసుకి వెళ్తూ మనసులో తిప్పుతున్నాను. విందు, వీణ, పేరు, పిలుపు, వెన్న, వేడ్క, వేదం, వేప. వేప దగ్గర ఆగిపోయాను.

మా ఇంటి వాకిట్లో వేపచెట్టు ఉంది. 1995 మే నెలలో అక్క పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. రాత్రి ఎనిమిదింటికి గాలీ వానా మొదలై తాటాకుల పందిరి గుంజలతో సహా ఒరిగిపోయింది. నాన్న, బాబాయి, పాలేరు కలిసి ధాన్యం మీద కప్పే బరకాలు రెండు తెచ్చి వేపకొమ్మలకి తాళ్లతో కట్టి, కింద ఇసుక పోయించి, ఆ చెట్టు కిందే పెళ్లి చేశారు. తలంబ్రాల్లో వేప పూత రాలి పడింది. ఈ సంగతి ఇరవై ఏళ్లుగా నాకు గుర్తు కూడా రాలేదు. నాకు నేనుగా తలుచుకుని ఉండేవాడినీ కాదు, ఎందుకంటే ఆ రాత్రి అందరూ భయపడ్డారని ఇంట్లో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. "పె"కి జత వెతుకుతుంటే వచ్చింది. వేప, చెట్టు, రెండూ సూర్యగణాలే. పాదం పూర్తయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి బస్సులో.

మిగతా మూడు పాదాలకి నాలుగు రోజులు పట్టింది.

వాన కురిసె నాడు వాకిలి నిండగా
పెళ్లి పందిరైన వేపచెట్టు
నీడ నిచ్చు నీకు నిండు నూరేండ్లును
తల్లి కిచ్చినట్లె తల్లివోలె

గొప్ప పద్యం అనను, నాన్న అయితే రెండో సారి చూసి ఏదో ఒక మాట మార్చేవారు. కానీ ఇది మా మేనకోడలికి తప్ప ఇంకెవరికీ చదవలేని పద్యం. పదిహేడు సార్లు అడిగినా యాప్ దీన్ని ఇవ్వలేకపోయిందంటే తప్పు దానిది కూడా కాదు, దానికి మా వాకిలి తెలియదు. "చెట్టు సంగతి నువ్వు ముందే చెప్తే అదీ రాసేది కదా" అన్నాడు మా మేనల్లుడు. నిజమే, చెప్తే రాసేదేమో. కానీ ఏం చెప్పాలో నాకే తెలియదు కదా. యతి కోసం అలా తిరగకపోతే ఆ చెట్టు నాకూ గుర్తొచ్చేది కాదు. యాప్ నా నుంచి తీసేసుకునేది సరిగ్గా ఆ తిరుగుడే.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వస్తుందో పృచ్ఛకుడు (అవధానిని పరీక్షించేవాడు) పట్టుకుని "అది వద్దు" అంటాడు. సులువుగా వచ్చే దారి మూసేస్తాడు. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలో సభలో ఎవరూ అనుకోని మాట బయటికి వస్తుంది, చప్పట్లు దానికే. ఈ యాప్‌లు పనిచేసే తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఎక్కువగా రాగలిగిన మాట ఏదో చూసుకుని దాని వైపే మొగ్గుతాయి. పెళ్లి అనగానే పువ్వులు, నవ్వులు, రెండు మనసులు వచ్చేది అందుకే.

ఇంత చెప్పాను కదా అని అసలు పనికిరాదనుకోకండి. మా మేనల్లుడు, పెళ్లికూతురి తమ్ముడు, డల్లాస్‌లో పుట్టలేదు గానీ ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు, తెలుగు చదవడం కూడబలుక్కుంటాడు. మైకులో ఒక పద్యం తనే చదవాలని పట్టుపట్టాడు. నా ఐదు పద్యాలూ యాప్‌లో పెట్టి ఒక్కో మాటకి అర్థం, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కలిపి చదవాలి అని అడిగి నేర్చుకున్నాడు. అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "మావయ్యా, తల్లివోలె అంటే చెట్టు తల్లిలా అనా, లేక అమ్మకి ఇచ్చినట్టే అనా?" అని అడిగాడు. రెండూ ఉన్నాయిరా అన్నాను. అంత లోపలికి వాడు వెళ్లాడంటే ఆ యాప్ పుణ్యమే. అర్థాలు చెప్పడంలో పది మాటల్లో ఒకటి తప్పినా, అడగడానికి సిగ్గుపడే పిల్లాడికి విసుక్కోకుండా వంద సార్లు చెప్పింది. ఈ పనికైతే ఐదుకి నాలుగు ఇస్తాను. పద్యం రాయడానికి మాత్రం ఒకటి, అదీ కింద పెట్టిన ఆ అబద్ధపు సర్టిఫికెట్ తీసేస్తేనే.

నాకు నిజంగా సాయం చేసినవి వేరే ఉన్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు. ఆంధ్రభారతి వాళ్ల నిఘంటు శోధనలో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట వస్తాయి. ఇంకోటి ఛందం అనే సాఫ్ట్‌వేర్. మనం రాసిన పద్యం అందులో పెడితే ఏ గణం ఎక్కడ ఉంది, యతి కుదిరిందా, ప్రాస కుదిరిందా అని విడగొట్టి చూపిస్తుంది. నా మూడో పద్యం కందం. ఆరో గణంలో నలము (నాలుగు లఘువులు) గానీ జగణం (లఘువు గురువు లఘువు) గానీ ఉండాలి, నేను భగణం (గురువు లఘువు లఘువు) పెట్టి చూసుకోలేదు, అది పట్టుకుంది. అలా సరిదిద్దేవాళ్లు ఒకప్పుడు ఇంట్లో ఉండేవారు. ఆ పని మిషన్ చేస్తే నాకు అభ్యంతరం లేదు, సంతోషం కూడా.

పాటలు కట్టే ఫీచర్ గురించి కూడా చెప్పాలి, చాలామంది దానికోసమే కొంటున్నారు. పద్యం ఇచ్చి రాగం పెట్టమంటే అర నిమిషంలో వయొలిన్, మృదంగం, ఆడ గొంతుతో వచ్చేసింది. గొంతు తియ్యగానే ఉంది. కానీ "పెళ్లి"లో ళ పలకదు, పెల్లి అంటుంది. "పందిరైన" అనేదాన్ని "పంది" అని ఆపి, ఊపిరి పీల్చుకుని, "రైన" అంది. పెళ్లి మండపంలో ఆ మాట అలా విరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పద్యం పాడేవాళ్లెవరూ గణం దగ్గర ఆపరు, మాట దగ్గర ఆపుతారు. అది ఎవరూ పాఠంగా చెప్పరు, నాలుగు సార్లు విన్నవాళ్లకి దానంతట అదే వస్తుంది.

ఇందులోనే మనవాళ్ల గొంతు ఎక్కిస్తే ఆ గొంతుతో పాడే సదుపాయం ఉంది. ఒక నిమిషం రికార్డింగ్ చాలంటుంది. నాన్న బడి వార్షికోత్సవంలో పద్యాలు చదివిన క్యాసెట్ మా దగ్గర ఉంది. అక్క అడిగింది, "నీ పద్యం నాన్న గొంతుతో వినిపిస్తే పెళ్లికూతురు ఎంత సంతోషిస్తుందో." నాకూ ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. క్యాసెట్‌ని ఫైలుగా మార్పించాను. ఎక్కించే ముందు అమ్మని అడిగాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చదివినవి ఉన్నాయిగా నాన్నా, అవే వినిపించండి. చదవనివి ఆయన చేత చదివించడం ఎందుకు" అంది. ఎక్కించలేదు.

ఇది మా ఇంటి సమస్యే కాదు. 2024 మొదట్లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని తమ అనుమతి లేకుండా ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు ఇచ్చిన సంగతి బయటికొచ్చింది. ఇంచుమించు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటలో బంబా బక్యా, షాహుల్ హమీద్ అనే చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో తెప్పించారు, కానీ ఇంటివాళ్లని అడిగి, పారితోషికం ఇచ్చి. రెండింటిలోనూ వాడింది ఇలాంటి టెక్నాలజీనే, తేడా అడగడంలో ఉంది. ఈ యాప్‌లో మాత్రం గొంతు ఎవరిది, వాళ్ల అనుమతి ఉందా అని ఒక టిక్కు పెట్టే గడి ఉంది, అంతే. టిక్కు పెడితే వదిలేస్తుంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు, ఎవరి గొంతైనా ఎవరైనా ఎక్కించేయొచ్చు.

పెళ్లిలో చివరికి ఏం జరిగిందంటే, క్యాసెట్‌లోంచి నాన్న పాత పద్యం నలభై సెకన్లు వేశాం. తర్వాత నేను నాలుగు చదివాను, వేపచెట్టు పద్యం మేనల్లుడు చదివాడు. "వేపచెట్టు" అనగానే వెనక వరసల్లోంచి మా బాబాయి లేచి నిలబడ్డారు. ఎనభై దాటింది ఆయనకి. బరకం తాళ్లు కట్టింది ఆయనే. భోజనాల దగ్గర కుర్రాళ్లని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ రాత్రి కథ మొత్తం చెప్పారు, నాకు తెలియని ముక్కలు కూడా ఉన్నాయి అందులో. రెండో బరకం పక్కింటివాళ్లదట, వాళ్లకీ మనకీ అప్పట్లో గట్టు తగాదా నడుస్తోందట, అయినా అడగకుండానే తెచ్చి ఇచ్చారట.

చందా ఈ నెలాఖరుతో అయిపోతుంది, రెన్యూ చేయట్లేదు. అర్థాలు అడగడానికి ఉచితంగా దొరికేది చాలు. బాబాయి మనవడి పెళ్లి మాఘంలో అన్నారు, పంచరత్నాలు నాకే చెప్పారు. ఈసారి ఉత్పలమాల మొదలుపెట్టాను. మొదటి పాదం తొమ్మిది అక్షరాలు వచ్చాయి, పదోది యతి స్థానం. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను.